ఆయమ్మ పనికీ ఒక చదువుంది

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు అప్పుల లెక్కలు కోశాధికారి అక్క ఇప్పుడే చదివింది. అందులో ఒక చిన్న వరుస ఉంది, మీలో కొందరు గమనించే ఉంటారు. ‘చదువు అప్పు మీద సమాఖ్య భరించిన వడ్డీ’ అని. ఆ వరుస ఎందుకొచ్చింది అని పోయిన నెల ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. అడగడం మంచిదే, ఆ పైసలు అందరివీ. దానికి జవాబు చెప్పడానికే ఈ రోజు మేము నిలబడ్డాం. జవాబులో మా తప్పు ఉంది. దాన్ని దాచిపెట్టకుండా మొదలే చెప్తాం.

మన సంఘాల్లో బడుల్లో పనిచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరు అంగన్‌వాడీల్లో ఆయాలు. కొందరు గల్లీల్లోని చిన్న చిన్న ప్రైవేటు బడుల్లో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల దగ్గర ఆయమ్మలు. ఒకరిద్దరు నడవలేని పిల్లలను, మాట రాని పిల్లలను బడికి తీసుకపోయి, తరగతిలో పక్కనే కూచొని, మళ్ళీ ఇంటికి తెచ్చేవాళ్ళు. టీచర్ బోర్డు మీద రాస్తుంటే వెనక పిల్లల చెయ్యి పట్టి దిద్దించేది వీళ్ళే. ఏడ్చేవాణ్ణి ఎత్తుకునేది, చెడ్డీ తడిపినోణ్ణి కడిగేది, టిఫిన్ డబ్బా తెరిచేది వీళ్ళే. టీచర్ సెలవు పెడితే తరగతి అంతా చూసుకునేది కూడా వీళ్ళే. కానీ ఎవరైనా అడిగితే వాళ్ళే చెప్పుకునే మాట ఏంది? “నేను ఉత్త ఆయమ్మనక్కా.”

ఆ ‘ఉత్త’ అనే మాట పోవాలని ముగ్గురు సభ్యులు అనుకున్నారు. రెండేళ్ళ కింద వానాకాలంలో మన బస్తీ గోడల మీద ఒక కాగితం అంటించారు. “ఆరు నెలల్లో అసిస్టెంట్ టీచర్ ట్రైనింగ్. పది ఫెయిలైనా పర్వాలేదు. ఉద్యోగం గ్యారంటీ” అని. ఫీజు పద్దెనిమిది వేలు. ముగ్గురూ అప్పుకు దరఖాస్తు పెట్టారు. మేము మీటింగులో చదివి, చదువుకునే వాళ్ళకు కాదనొద్దని తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఇచ్చేశాం.

ఆ తీర్మానం మళ్ళీ తీసి చదువుకుంటే మాకే సిగ్గయింది. కుట్టు మిషన్‌కు అప్పు అడిగితే మనం ఎన్ని ప్రశ్నలు వేస్తాం? ఏ కంపెనీది, బిల్లు ఏది, గ్యారంటీ ఎన్నేళ్ళు, పాడైతే బాగుచేసేది ఎవరు అని పదిసార్లు అడుగుతాం. చదువుకు అప్పు అడిగితే ఒక్క ప్రశ్న వేయలేదు. చదువంటే అంతా మంచిదే అనుకున్నాం. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, దానికి గుర్తింపు ఇచ్చింది ఎవరు అని ఒక్కరమూ అడగలేదు.

తరగతులు మొదట వారానికి మూడు రోజులు, తరవాత ఒక్క రోజు జరిగినయ్. చార్టులు అతికించడం, నాలుగు పాటలు నేర్పారు. ఆరు నెలలకు బంగారు రంగు ముద్ర వేసిన సర్టిఫికెట్ ఇచ్చారు. మన చెల్లె దాన్ని ఫ్రేము కట్టించింది. తరవాత అంగన్‌వాడీ ఖాళీల సంగతి తెలిసి ఆ ఫ్రేములోంచి తీసి పట్టుకపోయింది. అక్కడున్న మేడమ్ కాగితం ముందూ వెనకా తిప్పి చూసి, “దీని మీద గుర్తింపు నంబరు ఏదమ్మా? ముందు పది పాసైన మెమో తీసుకరా” అన్నది. గల్లీ చివర బడికి పోతే పని దొరికింది. ఏం పని? మొదట చేసిన ఆయమ్మ పనే. జీతం కూడా మొదటిదే. పెరిగింది మాత్రం అప్పు కిస్తు.

ఆ చెల్లె ఈ సభలోనే కూచుంది. పేరు చెప్పొద్దంది, సంగతి మాత్రం చెప్పమంది. మీటింగులో ఆమె అన్న మాట మేము మరిచిపోలేం. “పైసలు పోయినందుకు కాదక్కా. నాకు సదువు రాదని మల్ల మా ఇంట్ల తేల్చిన్రు. గందుకు ఏడుపొస్తది.”

ముగ్గురూ ఒక్క కిస్తు ఎగ్గొట్టలేదు. అసలు వాళ్ళు కట్టారు. అడగాల్సిన ప్రశ్న మేము అడగలేదు కాబట్టి వడ్డీ సమాఖ్య భరించాలని కార్యవర్గం తీర్మానించింది. లెక్కల్లో ఆ వరుస అదే. ఇది న్యాయమా కాదా అని మీరు చర్చించవచ్చు. మాకైతే న్యాయమనే అనిపించింది.

అప్పటి నుంచి మేము ఒక పని పెట్టుకున్నాం. బడిలో టీచరుకు తోడుగా నిలబడే ఆడమనిషికి నిజంగా పనికొచ్చే చదువు ఏది, అది ఎక్కడుంది, మనలాంటి వాళ్ళకు దారి ఎట్లా అని తిరిగి తెలుసుకున్నాం. తెలిసినంత మీ ముందు పెడుతున్నాం.

మొదట, ఈ పనికి శిక్షణ ఎందుకు? పిల్లల్ని కన్నాం, పెంచాం, ఇంకేం నేర్చుకోవాలె అని కొందరు అక్కలు అడిగారు. ఒక సంగతి వినండి. ఒక తరగతిలో నాలుగేళ్ళ పిల్లవాడికి మూర్ఛ వచ్చింది. అక్కడున్న మన సభ్యురాలు ప్రేమతోనే చేసింది, కానీ ఏం చేసింది? చేతిలో తాళంచెవులు పెట్టింది, పళ్ళ మధ్య చెంచా పెట్టబోయింది, నీళ్ళు తాగించబోయింది. పిల్లవాడి అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. డాక్టరు తరవాత చెప్పింది ఇది: నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, గట్టిగా అదిమి పట్టొద్దు. చుట్టూ ఉన్న బల్లలు జరిపి, తల కింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి. ఇది తెలియడానికి ఎక్కువ సేపు పట్టదు. తెలియకపోతే ప్రాణం పోవచ్చు.

ఇంకొక అంగన్‌వాడీలో పాట మొదలుపెట్టగానే చెవులు మూసుకొని బయటికి ఉరికే పిల్లవాడు ఉండేవాడు. “మొండోడు” అనేవాళ్ళు. వాడికి చప్పుడు పడదు, అది మొండితనం కాదు అని ఒక శిక్షణలో విన్నాక మన ఆయమ్మ ఏం చేసిందంటే, పాట సమయంలో వాణ్ణి గడప దగ్గర కూచోబెట్టుకొని చింతగింజలు గిన్నెలో వేయించేది. వారం పదిరోజులకు వాడు గడప దగ్గర నుంచే పాట వినడం మొదలుపెట్టాడు. తరవాత లోపలికి వచ్చాడు.

మూడేళ్ళ పిల్లవాడి వేళ్ళకు పలకా బలపం పట్టే బలం ఇంకా రాదు. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం అయ్యాకే అక్షరం. ఆ క్రమం తెలిసిన ఆయమ్మ చేతిలో పిల్లవాడు ఏడవడు. పిల్లలను కొట్టడమే కాదు, మనసు నొచ్చేటట్లు వేధించడం కూడా తప్పని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. ఆ చట్టం టీచరుకొక్కదానికే కాదు, తరగతిలో ఉండే మనకూ వర్తిస్తుందని ఎంతమందికి తెలుసు? ఆరేళ్ళ లోపే మెదడు ఎదుగుదల 85 శాతం దాటుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. ఆ ఆరేళ్ళలో పిల్లవాడు ఎక్కువసేపు ఎవరి ఒళ్ళో ఉంటాడు? అమ్మ తరవాత ఆయమ్మ ఒళ్ళోనే. అట్లాంటి మనిషిని ‘ఉత్త’ అనొచ్చా?

ఇక దారులు. తొందరగా ఉద్యోగం అని మేము చెప్పం. మెట్లు మెట్లుగా చెప్తాం.

పది దాటనివాళ్ళకు మొదటి మెట్టు ఓపెన్ స్కూల్. మన రాష్ట్రంలో తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. పదో తరగతి, ఇంటర్ రెండూ దాని ద్వారా చదవొచ్చు. వయసు ఎక్కువైందని ఎవరూ వెనక్కి పంపరు. అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే పాస్ కావాలన్న బలవంతం లేదు. పనిచేసుకుంటూ ఒక్కొక్కటీ దాటొచ్చు. ఈ మెట్టు ఎక్కకుండా పై మెట్టు మీద కూచోబెడతామని ఎవరన్నా చెప్తే అక్కడే అనుమానపడండి. మేము పడలేదు, అందుకే చెప్తున్నాం.

రెండోది, మన ఆడపిల్లల కోసం. పది పాసైన పిల్లలకు ఇంటర్ ఒకేషనల్‌లో ‘ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్’ అనే కోర్సు ఉంది. చిన్న పిల్లల దగ్గర పనిచేయడం ఇష్టమున్న పిల్లను ఎంపీసీ, బైపీసీ అని బలవంతపెట్టే ముందు ఇది కూడా చూడండి. అయితే అది ఏ కాలేజీలో ఉందో, ఈ ఏడు నడుస్తుందో లేదో చేరే ముందే అడగాలి.

మూడోది, ఇంటర్ అయినవాళ్ళకు. ప్రభుత్వం డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష పెడుతుంది. దాంతో రెండు కోర్సులకు పోవచ్చు. ఒకటి ప్రాథమిక బడి టీచర్ల కోసం డీఎల్‌ఎడ్, ఇంకొకటి చిన్న పిల్లల బడి కోసం డీపీఎస్‌ఈ. రెండూ రెండేళ్ళ కోర్సులు. ఇంటర్‌లో సగం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ అభ్యర్థులకు కొంత సడలింపు ఉంది. పదిహేడేళ్ళు నిండాలంతే, పై వయసు పరిమితి లేదు. మనకు దగ్గరలో నేరేడ్‌మెట్‌లో ప్రభుత్వ డైట్ ఉంది. ఈ టీచర్ కోర్సులు ఏ కాలేజీలో ఉన్నా వాటికి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉండాలి. ఆ మండలి 1993 చట్టం కింద ఏర్పడింది. గుర్తింపు ఉన్న కాలేజీల పేర్లు దాని వెబ్‌సైటులో ఉంటయ్. మన పిల్లలు ఫోనులో రెండు నిమిషాల్లో చూసి చెప్తారు.

నాలుగోది, వికలాంగ పిల్లలతో పనిచేయాలనుకునే వాళ్ళకు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లల కోసం దేశమంతటికీ ఉన్న సంస్థ అది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. ప్రత్యేక విద్యలో కోర్సులు అక్కడున్నయ్. ఇట్లాంటి కోర్సులకు ఆర్‌సీఐ అనే భారత పునరావాస మండలి గుర్తింపు కావాలి, 1992 చట్టం కింద. కోర్సు పాసైనవాళ్ళ పేరు ఆ మండలి రిజిస్టరులో ఎక్కాలి. మన మండలాల్లోని భవిత కేంద్రాలను చూసినవాళ్ళకు తెలుసు, అక్కడి పిల్లల దగ్గర ఓపికతో పాటు తెలివిడి కూడా ఎంత కావాలో. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతమంది పిల్లలు బడికి వస్తుంటే వాళ్ళ పక్కన నిలబడేవాళ్ళు కావాలి కదా.

ఐదోది, ఇప్పటికే అంగన్‌వాడీలో ఉన్న మన అక్కల కోసం. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అంగన్‌వాడీ టీచరు పోస్టుల్లో సగం, ఐదేళ్ళు ఆయాగా చేసినవాళ్ళకు పదోన్నతి ద్వారా ఇవ్వాలి. కానీ పోస్టుకు తగ్గ చదువు చేతిలో ఉండాలి. ఐదేళ్ళు, పదేళ్ళు చేసిన అక్క పక్కనే నిలబడి చూస్తుంటే నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల టీచరవుతుంది. కోపం వస్తుంది. ఆ కోపాన్ని ఓపెన్ ఇంటర్ దరఖాస్తు ఫారం మీద పెట్టండి అని మా మనవి. 2020 విద్యా విధానం కూడా ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్ళకు ఏడాది డిప్లొమా అన్నది. పనిలో ఉంటూనే ఫోన్ల ద్వారా, టీవీ ద్వారా నేర్పాలని కూడా అన్నది. మన సెంటరులో అది ఎప్పుడొస్తుందని సూపర్‌వైజరు మేడమ్‌ను గట్టిగా అడిగే హక్కు మనకుంది.

అమెరికాలో టీచరు పక్కన పనిచేసే సహాయకులది వేరే ఉద్యోగం. పేద పిల్లల కోసం కేంద్ర నిధులు వచ్చే బడుల్లో అట్లా పనిచేయాలంటే రెండేళ్ళ కాలేజీ చదువో, ఒక పరీక్షో ఉండాలని 2002లో చట్టం తెచ్చారు. అంటే, పక్కన నిలబడే మనిషికి కూడా చదువు కావాలని ఒప్పుకున్నారు. మన దగ్గర పని అంతా ఉంది, పేరు లేదు. పేరు వచ్చేదాకా మనం ఆగొద్దు.

ఇంత చదువు ఈ వయసులో ఎవరు చదువుతరు అని మీలో కొందరు నవ్వుకుంటున్నారు. మనం రోజూ చూసే చోటు నుంచే ఒక మాట చెప్తాం. మన బస్తీకి, ఉస్మానియా యూనివర్సిటీకి మధ్య ఉన్నది రైలు పట్టాలే. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. మనలో చాలామంది ఆ ఆవరణలోకి పోయింది హాస్టల్ వంటకో, ఊడ్చే పనికో, పొద్దుటి నడకకో. ఆ యూనివర్సిటీ రోడ్డు మీదే ఆంధ్ర మహిళా సభ కాలేజీ ఉంది. ఆ సభను మొదలుపెట్టింది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళి, తరవాత స్వాతంత్ర్య పోరాటం, జైలు. జైలు నుంచి వచ్చాక మళ్ళీ పుస్తకం పట్టింది. ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టి పాసైంది. ఆపైన బీఏ, ఆపైన లా. తాను అట్లా చదివింది కాబట్టే మద్రాసులో ఆడపిల్లలను చేరదీసి అదే మెట్రిక్‌కు తయారుచేసింది. ఆంధ్ర మహిళా సభ పుట్టింది అట్లా.

ఇంకొక సంగతి మనకు మరీ దగ్గరిది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పెడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. 1958 నుంచి ఆ మండలి చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ళ కోసం కుదించిన కోర్సులు నడిపింది. ఎందుకు? ఊళ్ళలో టీచర్లు, నర్సులు, బాలసేవికలు కావాలి, చదివిన ఆడవాళ్ళు లేరు. లేరని ఊరుకోకుండా, ఉన్న ఆడవాళ్ళనే చదివించి తయారుచేయాలనుకున్నారు. విధవలు, భర్త వదిలేసినవాళ్ళు మళ్ళీ బెంచీ మీద కూచున్నారు. కాబట్టి మనం కొత్తగా చేయబోయేదేమీ లేదు. మన ముందు తరం ఆడవాళ్ళు వేసిన దారే.

కష్టాలు కూడా చెప్పాలి. ప్రైవేటు బడిలో ఆయమ్మ జీతంతో ఇల్లు నడవదు. శిక్షణ అయిన మర్నాడే జీతం రెట్టింపు కాదు. పోస్టులు ప్రతి ఏడూ పడవు. ఇంట్లో “ఇప్పుడు నువ్వు సదివి కలెక్టరయితవా” అంటారు. పరీక్ష రోజే చుట్టాలొస్తారు. క్లాసుకు పోతే చంటిపిల్లను ఎవరు చూడాలె? ఇవన్నీ ఉన్నయ్. అందుకే చదువు ఒక్కరి పని కాకుండా సంఘం పని కావాలని మేము అంటున్నాం. అప్పు తీర్చడానికి పదిమంది పూచీ పడుతున్నాం కదా. చదువుకూ పదిమందిమి పూచీ పడదాం.

ఈ సభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. మీరు చేతులెత్తితేనే అవి రాసుకుంటాం.

ఒకటి. చదువు అప్పు దరఖాస్తుతో పాటు కోర్సు పేరు, గుర్తింపు ఇచ్చిన మండలి పేరు, గుర్తింపు నంబరు, ఫీజు రసీదు ఇచ్చే పద్ధతి రాసిన కాగితం ఉండాలి. ఇద్దరు సభ్యులు స్వయంగా పోయి చూసి వచ్చాకే అప్పు. “ఉద్యోగం గ్యారంటీ” అన్న మాట కనబడితే మొదలే ఆపాలి.

రెండు. ఫీజు మొత్తం ఒక్కసారే ఇవ్వొద్దు. కాలేజీ అడిగిన వాయిదాల ప్రకారం, నేరుగా కాలేజీ ఖాతాకే చెక్కు ఇవ్వాలి.

మూడు. ఓపెన్ పది, ఓపెన్ ఇంటర్ రాసే సభ్యులకు పరీక్షల నెలలో పొదుపు మీటింగు హాజరు నుంచి మినహాయింపు. ఆ రోజుల్లో వాళ్ళ పిల్లలను చూసుకోవడానికి సంఘంలో వంతులు.

నాలుగు. వారానికి రెండు సాయంత్రాలు మన సమాఖ్య గదిలో చదువు. పక్కనే యూనివర్సిటీ ఉంది. మన గల్లీల్లో గదులు కిరాయికి తీసుకొని బీఎడ్, ఎంఏ చదివే పిల్లలు ఉన్నారు. చెప్పమని అడుగుదాం. కాదనరు.

చివరికి ఒక్క మాట. ఆ సర్టిఫికెట్ పట్టుకొని వెనక్కి వచ్చిన చెల్లె ఇప్పుడు ఏం చేస్తుందని మీరు అడుగుతారు. ఓపెన్ పదిలో చేరింది. తెలుగు, సాంఘిక శాస్త్రం పాసైంది. లెక్కలు తప్పింది. మళ్ళీ రాస్తానంది. ఆ ఫ్రేములోంచి బంగారు ముద్ర కాగితం తీసి, ఆ రెండు పాసైన మార్కుల కాగితం పెట్టింది. లెక్కలు కూడా వచ్చాక మొత్తం మెమో పెడుతుందట.

మళ్ళీ ఏడు ఇదే సభలో, ఇదే చోట నిలబడి, లెక్కల వరుస కాకుండా ఆమె లెక్కల పరీక్ష ఫలితం మీకు చదివి వినిపించాలని మా కోరిక. అప్పటిదాకా బడిలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళు ఎవరు కలిసినా, “నేను ఉత్త ఆయమ్మను” అంటే ఒప్పుకోకండి.